చివరి ముద్ద ఎవరిది?

జంషెడ్‌పూర్‌లో మా బస్తీలో ప్రతి ఆదివారం సాయంత్రం ఓ పాతికమందిమి కూర్చుని ధమ్మం చదువుకుంటాం. ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రెండు మూడు తరాల కిందట ఇక్కడికి పనికి వచ్చిన కుటుంబాలవాళ్ళు. మగవాళ్ళలో చాలామంది ఠేకేదారు కింద పనిచేస్తారు. ఆడవాళ్ళు ఇళ్ళలో పాచిపనికో, ఇటుకలూ ఇసుకా మోసే రేజా పనికో వెళతారు.

ఐదారేళ్ళ కిందటి మాట. ఆ రోజు పాఠం అప్రమాదం గురించి. ఎరుకతో బతకడం ఎంత ముఖ్యమో నేను కాస్త గట్టిగానే చెబుతున్నాను. ముందు వరసలో గోడకి చేరబడిన ఒకామె నిద్రపోతోంది. రెండుసార్లు చూసి ఊరుకున్నాను. మూడోసారి ఉండబట్టలేక, "అమ్మా, నిద్రమత్తు కూడా ఐదు నీవరణాల్లో ఒకటి. ఇంటికెళ్ళి పడుకోవచ్చు కదా" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. తర్వాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు.

మూడు నెలల తర్వాత కూలి డబ్బుల తగాదా మీద ఆమే నా దగ్గరికి వచ్చింది. నేను లా చదివినవాణ్ణి. బస్తీలో ఇలాంటి అర్జీలు రాసిపెట్టడం, వెంట వెళ్ళడం నా పని. ఆఫీసు మెట్లెక్కుతూ మధ్యలో ఆమె కూలబడిపోయింది. ఆసుపత్రికి తీసుకెళితే రక్తపరీక్ష చేశారు. హిమోగ్లోబిన్ 6.8. ఆడవాళ్ళకి కనీసం 12 ఉండాలి. ఏం తింటావని నర్సు హిందీలో అడిగింది. ఆమె నా వైపు తిరిగి తెలుగులో చెప్పింది: "అందరూ తిన్నాక మిగిల్తే తింతాను బాబూ. నేకపోతే గెంజి తాగి తొంగుంతాను." అందులో చెప్పుకోవాల్సిన బాధేమీ లేనట్టు చెప్పింది.

ఆ రాత్రి నేను భోంచేసి లేచాక, ముప్ఫై ఏళ్ళ కాపురంలో మొదటిసారి, వంటింట్లోకి వెళ్ళి గిన్నెల మూతలు తీసి చూశాను. అన్నం ఉంది. పప్పు గిన్నె అడుగు కనిపిస్తోంది. కూర గిన్నెలో నూనె మరక తప్ప ఏమీ లేదు. "నీకు కూర ఏదీ?" అన్నాను. "ఇన్నేళ్ళకి అడిగారా?" అంది నా భార్య. పచ్చడి కలుపుకుని తినేసి గిన్నెలు కడిగింది.

పంచశీలాల్లో రెండోది, ఇవ్వనిదాన్ని తీసుకోకపోవడం. నేను ఆ శీలం తీసుకున్నవాణ్ణి. లంచం ముట్టలేదు, ఒకరి సొమ్ము ఆశించలేదు. ఆ శీలం నాకు తేలికైనదని అనుకుంటూ వచ్చాను. కానీ ముప్ఫై ఏళ్ళు నేను తిన్న కూరలో నా భార్య వాటా ఉంది. ఆమే వడ్డించింది, నేను తిన్నాను. అది ఇచ్చినదేనా? ఆ రాత్రి నుంచి నన్ను వదలని ప్రశ్న ఇదే. జవాబు వెతకాలంటే ముందు తిన్న ముద్ద ఒంట్లో ఏమవుతుందో తెలియాలి. ఏం తీసుకున్నామో తెలియకుండా, తీసుకోవడం తప్పా ఒప్పా అని తేల్చలేం కదా.

ముద్ద ఎక్కడికి పోతుంది

అన్నం నములుతుండగానే అరుగుదల మొదలవుతుంది. లాలాజలం పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొడుతుంది. అన్నం ఎక్కువసేపు నమిలితే తియ్యగా తగిలేది అందుకే. కడుపులోని ఆమ్లం మాంసకృత్తులను విప్పుతుంది. అసలు పని సుమారు 6 మీటర్ల పొడవుండే చిన్నపేగులో జరుగుతుంది. అక్కడ పిండి గ్లూకోజుగా, మాంసకృత్తులు అమైనో ఆమ్లాలుగా, కొవ్వు కొవ్వు ఆమ్లాలుగా విడిపోయి ఒంట్లోకి చేరతాయి. గ్రాము పిండిపదార్థం 4 కేలరీలు, గ్రాము మాంసకృత్తులు 4, గ్రాము కొవ్వు 9 కేలరీల శక్తినిస్తాయి.

అప్పటికప్పుడు అక్కర్లేని గ్లూకోజును కాలేయం గ్లైకోజెన్ రూపంలో దాస్తుంది. ఆ నిల్వ సుమారు 100 గ్రాములు. కండరాలూ దాచుకుంటాయి గానీ, తమ నిల్వను తామే వాడుకుంటాయి. రక్తంలో చక్కెర తగ్గకుండా చూసే బాధ్యత కాలేయానిదే. మెదడు బరువు ఒంటి బరువులో 2 శాతమే. అయినా ఊరికే కూర్చున్నప్పుడు ఒళ్ళు ఖర్చు పెట్టే శక్తిలో ఐదో వంతు దానికే పోతుంది. రోజుకి సుమారు 120 గ్రాముల గ్లూకోజు దానికి కావాలి. తిండి లేకపోతే కాలేయం దాచినది ఒక్క రోజులో అయిపోతుంది. ఆ తర్వాత ఒళ్ళు కొవ్వును కరిగిస్తుంది. కండనూ కరిగించి మెదడుకి గ్లూకోజు చేసి పెడుతుంది.

మాంసకృత్తులకైతే ఒంట్లో వేరే గోదామే లేదు. ఒంటికి కావలసిన 20 రకాల అమైనో ఆమ్లాల్లో పెద్దవాళ్ళకి 9 తిండి నుంచే రావాలి. బియ్యంలో లైసీన్ తక్కువ. పప్పులో అది బాగా ఉంటుంది. పప్పులో తక్కువైన మెథియోనీన్ బియ్యంలో ఉంటుంది. పప్పన్నం మన పెద్దలు రుచికోసం కలుపుకున్నా, లెక్క ప్రకారం కూడా అది సరైన జోడీయే. అయితే ఆ జోడీ ఒకే కంచంలో కలవాలి. పప్పు ఒకరి కంచంలోకీ, అన్నం గంజీ ఇంకొకరి కంచంలోకీ వెళితే రెండో మనిషి కండ నిలవదు.

ఆకలి మనసును ఏం చేస్తుందో తెలుసుకోవడానికి 1944, 1945 సంవత్సరాల్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. యుద్ధంలో చంపడానికి మనస్సాక్షి ఒప్పుకోక తుపాకీ పట్టనన్న 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు స్వచ్ఛందంగా అందుకు ముందుకొచ్చారు. ఆరు నెలలు వాళ్ళకి అవసరంలో సుమారు సగం తిండే పెట్టారు. ఒంటి బరువులో పాతిక వంతు తగ్గింది. అంతకన్నా ఎక్కువగా మారింది వాళ్ళ మనసు. చదువు మీద ధ్యాస పోయింది. చిరాకు, దిగులు పట్టుకున్నాయి. మాటల్లోనూ ఆలోచనల్లోనూ తిండి తప్ప వేరే విషయం లేకుండా పోయింది. వాళ్ళు మనోబలం లేనివాళ్ళు కారు. నమ్మిన విలువకోసం లోకాన్ని ఎదిరించి నిలబడ్డవాళ్ళు. వాళ్ళకే అలా అయినప్పుడు, పొద్దుట నుంచీ టీ, మరమరాల మీద ఇటుకలు మోసి వచ్చిన మనిషి నా పాఠంలో కునికితే అది శీలలోపమని నేనెలా అన్నాను?

మేకంత ఇనుము

మాది ఇనుము ఊరు. 1912లో సాక్చీ దగ్గర ఉక్కు తయారీ మొదలైంది. నోవాముండి కొండల నుంచి ఇనుప ఖనిజం ఇప్పటికీ రైళ్ళ మీద వస్తూనే ఉంటుంది. మనిషి ఒంట్లోనూ ఇనుము ఉంటుంది. మొత్తం 3 నుంచి 4 గ్రాములు, ఒక చిన్న మేకు బరువు. ఆడవాళ్ళలో ఇంకా తక్కువ. అందులో మూడింట రెండు వంతులు రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఉండి, ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువును కణకణానికీ మోస్తుంది.

ఆ ప్రాణవాయువుతో కణం ఏం చేస్తుందో కనిపెట్టినవాళ్ళలో మన తెలుగువాడొకడున్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేసి, 1929లో కండరాల్లోని ఏటీపీ అనే పదార్థాన్ని వెలికితీశాడు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుగొన్నాడు. తిన్న తిండిలోని శక్తి నేరుగా కండను కదిలించదు. ముందు ఏటీపీగా మారాలి. చేయి ఎత్తినా, కన్ను ఆర్పినా, ఆలోచన మెదిలినా ఖర్చయ్యే నాణెం అదే. ఒక గ్లూకోజు అణువుకి ప్రాణవాయువు అందితే 30 దాకా ఏటీపీలు పుడతాయి. అందకపోతే 2 మాత్రమే. ఫర్నేసులో కోక్ ఎంత నింపినా గాలి ఊదకపోతే ఇనుము కరగదని మా ఊళ్ళో ఎవరికైనా తెలుసు. రక్తంలో ఇనుము తక్కువైన మనిషి సంగతీ అంతే. కడుపు నిండా అన్నం తిన్నా నీరసం పోదు, నిద్ర ముంచుకొస్తుంది, మెట్లెక్కితే గుండె దడ.

ఇక ఎవరికెంత కావాలో చూద్దాం. ఈ లెక్కలు కట్టేది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ. దాని 2020 లెక్క ప్రకారం మగవాడికి రోజుకి 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. ఆడమనిషికి 29. నెలనెలా రక్తం పోతుంది కనుక ఆమెకి ఎక్కువ కావాలి. ఒక కాన్పుకి మొత్తం మీద సుమారు 1 గ్రాము ఇనుము ఖర్చవుతుంది. అంటే ఆమె ఒంట్లో ఉన్న మొత్తం ఆస్తిలో మూడో వంతు. పైగా ఆకుకూరల్లో, ధాన్యాల్లో ఉన్న ఇనుములో ఒళ్ళు పట్టుకునేది పదో వంతు కూడా ఉండదు. నిమ్మరసం, ఉసిరి తోడైతే ఎక్కువ పడుతుంది. భోజనం వెంట టీ తాగితే ఇంకా తగ్గిపోతుంది.

అవసరం ఆమెకి ఎక్కువ, వంతు ఆమెకి చివర. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం జార్ఖండ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 65 మందికి రక్తహీనత ఉంది. దేశం మొత్తం మీద 57 మందికి. ఇందులో నులిపురుగుల పాత్ర, మలేరియా పాత్ర కూడా ఉన్నాయి, అంతా తిండి వల్లే అనను. కానీ తిండి పాత్ర చిన్నదేమీ కాదు.

రక్తహీనతకి ఫోలిక్ ఆసిడ్ లోపం మరో కారణం. దాని కథ కూడా కూలిచేసే ఆడవాళ్ళ దగ్గరే మొదలైంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లిషు వైద్యురాలు బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకు రక్తం ఎందుకు తగ్గిపోతోందో వెతికింది. అది అంటురోగం కాదనీ, తిండిలోని లోపమనీ, ఈస్టు సారం ఇస్తే నయమవుతోందనీ 1931లో ప్రకటించింది. ఈస్టులో ఉన్న ఆ పదార్థమే ఫోలిక్ ఆసిడ్. దాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ కంపెనీ పరిశోధనకు నాయకుడు మళ్ళీ మన సుబ్బారావే. ఇవాళ అంగన్‌వాడీలో ఇచ్చే ఇనుము మాత్రలో ఫోలిక్ ఆసిడ్ కలిసి ఉంటుంది. అదే 1928లో, అదే బొంబాయిలో, శాసనమండలిలో ప్రసూతి సౌకర్యాల బిల్లును బాబాసాహెబ్ అంబేడ్కర్ సమర్థించారు. ఆడకూలీ శ్రమతో లాభపడే యజమాని ఆ ఖర్చులో పాలు పంచుకోవాలన్నది ఆయన వాదం. ఒకరి ఒంటి నుంచి లాభం పొందుతున్నవాడికి ఆ ఒంటి బాగోగుల బాధ్యత ఉంటుందని దాని సారాంశం. ఈ సూత్రాన్ని మిల్లు యజమానికి అన్వయించడం మనకి బాగా తెలుసు. మన వంటింటికి అన్వయించడమే మిగిలింది.

కార్డులో మొదటి పేరు

ఇంటి మాటకి ముందు రాజ్యం మాట. ఇంట్లో గిన్నె చిన్నదైతే పంపకం ఎంత న్యాయంగా చేసినా ఎవరికీ చాలదు. ప్రజల పోషకాహార స్థాయిని పెంచడం రాజ్యం విధి అని రాజ్యాంగం 47వ అధికరణ చెబుతుంది. 2013 జాతీయ ఆహార భద్రత చట్టం ఆ మాటకి కొంత రూపమిచ్చింది. సాధారణ కార్డు ఉన్న ఇంట్లో మనిషికి నెలకి 5 కిలోల ధాన్యం ఇస్తారు. లెక్క వేయండి. రోజుకి 166 గ్రాముల బియ్యం, సుమారు 580 కేలరీలు, 13 గ్రాముల మాంసకృత్తులు. ఓ మాదిరి కష్టం చేసే ఆడమనిషికి రోజుకి కావాల్సింది 2,130 కేలరీలు, 46 గ్రాముల మాంసకృత్తులు. రేషను శక్తి అవసరంలో పాతిక వంతు తీరుస్తుంది. మిగిలిన మూడు పాళ్ళూ, పప్పూ, నూనే, కూరా కొనుక్కోవాలి. ఆ డబ్బు కూలి నుంచి రావాలి. కాబట్టి ఎగ్గొట్టిన కూలి కోసం కాగితం రాయడం కూడా పోషకాహారం పనే అని నేను అనుకుంటాను.

ఇచ్చే బియ్యం మీద మనవాళ్ళకో చిన్నచూపుంది. ఇక్కడ ఉస్నా అనే ఉప్పుడు బియ్యం తింటారు. మన తెలుగువాళ్ళు అది ముతకదని ముఖం చిట్లించి, డబ్బు పెట్టి తెల్లటి పచ్చిబియ్యం కొంటారు. వడ్లు ఉడకబెట్టినప్పుడు పొట్టులోని బి విటమిన్లు గింజలోకి ఇంకుతాయి. తర్వాత మర పట్టినా చాలావరకు నిలుస్తాయి. పచ్చివడ్లు తెల్లగా మర పట్టిస్తే తవుడుతో పాటు అవీ పోతాయి. ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి జబ్బు వ్యాపించింది ఈ తెల్లబియ్యం వల్లే. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో అది అంతగా లేదు. బెరిబెరి మీద పరిశోధనకోసం 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ పెట్టిన చిన్న కేంద్రమే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలి, ఇవాళ జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఏది గొప్ప తిండి, ఏది తక్కువ తిండి అన్న మన లెక్క వేరు, ఒంటి లెక్క వేరు. మునగాకు, చోళ్ళు, సత్తు, చిన్న చేపలు, ఇక్కడి ఆదివాసులు అడవి నుంచి తెచ్చుకునే ఆకుకూరలు మనం పేదల తిండి అని పక్కన పెట్టినవే. ఒళ్ళు వాటిని ఆదరంగా తీసుకుంటుంది. వంద గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాముల పైన కాల్షియం ఉంటుంది, బియ్యంలో 10 దాకా మాత్రమే.

ఆ చట్టంలో నాకు బాగా నచ్చేది 13వ సెక్షను. రేషను కార్డు మీద కుటుంబ పెద్దగా 18 ఏళ్ళు నిండిన ఆడవాళ్ళలో పెద్దామె పేరు రాయాలని అది చెబుతుంది. మా బస్తీలో నేను నింపిన దరఖాస్తులన్నిట్లో మొదటి పేరు ఆడవాళ్ళదే. నిద్రపోయిందని నేను మందలించిన ఆమె ఇంటి కార్డులోనూ అంతే. కార్డులో ముందున్న పేరు కంచాల దగ్గర వెనక్కి ఎలా పోయిందో ఏ చట్టమూ అడగదు. అడగాల్సింది శీలమే.

ముందు అన్నం, తర్వాత ధమ్మం

కొందరు మిత్రులు నాతో అంటారు: బుద్ధుడు మితాహారం బోధించాడు కదా, భిక్షువులు మధ్యాహ్నం దాటాక తినరు కదా, తిండి గురించి ఇంత చర్చ ఎందుకని. బుద్ధుడు మితం ఎవరికి చెప్పాడో చూడాలి. కోసల రాజు పసేనది కుంచాల కొద్దీ అన్నం తిని ఆయాసపడుతూ వచ్చినప్పుడు ఆయనకి చెప్పాడు. రాజు మెల్లగా తగ్గించి తేలికపడ్డాడు. అదే బుద్ధుడు ఆళవి అనే ఊళ్ళో, తప్పిపోయిన ఎద్దును వెతికి వెతికి ఆలస్యంగా, ఆకలితో వచ్చిన ఒక పేద రైతును చూసి, ముందు అతనికి అన్నం పెట్టించాడు. అతను తిని కుదుటపడ్డాకే ధమ్మం చెప్పాడు. భిక్షువులు ఇది వింతని గుసగుసలాడితే, ఆకలిని మించిన రోగం లేదన్న అర్థంలో వాళ్ళకి జవాబిచ్చాడని ధమ్మపద అట్ఠకథ చెబుతుంది. రాజుకి తగ్గించమన్నాడు, రైతుకి పెట్టించాడు. రెండూ మధ్యమమార్గమే. తానూ ఎముకలగూడై చిక్కిపోయాక, అలాంటి ఒంటితో సత్యం దొరకదని తెలుసుకుని అన్నం తీసుకున్నవాడే ఆయన. అప్పుడు ఐదుగురు సహచరులు ఆయన్ని విడిచిపోయారు. అయినా తిన్నాడు.

ఆకలి పూర్వకర్మ ఫలమనే మాట కూడా వింటాను. దీఘనికాయంలోని చక్కవత్తి సీహనాద సుత్తం వేరే కారణం చెబుతుంది. రాజు పేదలకు ధనం అందనివ్వకపోతే పేదరికం పెరిగిందని, పేదరికం నుంచి దొంగతనం, దాని నుంచి హింస పుట్టాయని ఆ కథ నడుస్తుంది. కారణం పంపకంలో ఉంది.

అంగుత్తర నికాయంలో భోజనదానం గురించి చిన్న సుత్తం ఒకటుంది. అన్నం పెట్టేవాడు ఐదు ఇస్తున్నట్టని దాని భావం: ఆయువు, వర్ణం, సుఖం, బలం, ప్రతిభ. నేను ఎన్నోసార్లు చదివి దాటేసిన ఈ జాబితాలో ఐదోది ఇప్పుడు నన్ను ఆపుతుంది. ప్రతిభ అంటే ఇక్కడ చురుకుదనం, వెంటనే అందుకునే బుద్ధి. మెదడుకి ఐదో వంతు శక్తి పోతుందని సైన్సు చెప్పడానికి చాలా ముందే, తిండికీ తెలివికీ ముడి ఉందని ఆ మాట గుర్తించింది.

మరి దీన్ని తిరగేసి చదివితే? అన్నం పెట్టేవాడు ఐదు ఇస్తున్నట్టయితే, ఇంకొకరి అన్నం తినేవాడు ఐదు తీసుకుంటున్నట్టే కదా.

వడ్డించినదంతా ఇచ్చినదేనా

ఇక్కడ నాలోని లాయరు నా తరఫునే వాదించాడు. "ఆమె తన చేత్తో వడ్డించింది. వద్దన్నా ఇంకాస్త వేసింది. ఇది దొంగతనం ఎలా అవుతుంది?" అన్నాడు. బలమైన వాదనే. కానీ చట్టమే దీనికి జవాబు చెబుతుంది. 1872 కాంట్రాక్టు చట్టంలో సమ్మతి వేరు, స్వేచ్ఛాసమ్మతి వేరు. ఒకరి ఇష్టాన్ని శాసించగల స్థానంలో ఉన్నవాడు ఆ స్థానాన్ని వాడుకుని పొందిన ఒప్పందాన్ని 16వ సెక్షను అనుచిత ప్రభావం అంటుంది. భోజనం కాంట్రాక్టు కాదు, నాకు తెలుసు. అయినా సూత్రం చూడండి. ముందు తింటే అత్త ఏమంటుందో, నలుగురూ ఏమనుకుంటారో అని చిన్నప్పటి నుంచీ నేర్పించి, వేరే దారి లేకుండా చేసి, ఆ తర్వాత "ఆమే ఇచ్చింది" అనడం ఏ న్యాయస్థానంలో నిలుస్తుంది?

ఇంకో వాదన దీనికన్నా బరువైనది. తల్లి తన ముద్ద పిల్లవాడికి పెట్టడం ప్రేమ. దాన్ని అన్యాయం అంటే ప్రేమనే అవమానించినట్టు కాదా? కాదు. ఆ ప్రేమని నేను తక్కువ చేయను. ఇంట్లో నిజంగా గుప్పెడే ఉన్న రోజున ఆమె పిల్లవాడికి పెడితే అది దానమే. కానీ గిన్నె నిండుగా ఉన్న రోజున కూడా ఆమెకి మిగలకపోతే, అక్కడ ఆమె ప్రేమతో పాటు మన మొద్దునిద్ర కూడా ఉంది. పైగా దాత తానేమిస్తున్నదో తెలిసి ఇవ్వాలి. ఆమె కూర ఇస్తున్నాననుకుంటుంది. నిజానికి ఇస్తున్నది రక్తం. కడుపుతో ఉంటే, ఇంకా పుట్టని బిడ్డ వాటా.

ఇచ్చేవాళ్ళు శక్తికి మించి ఇస్తుంటే తీసుకునేవాడి ధర్మమేమిటి? ఈ ప్రశ్న భిక్షుసంఘానికే ఎదురైంది. వినయపిటకంలో పాటిదేసనీయ నియమాలని నాలుగున్నాయి. వాటిలో మూడోదాని వెనక ఒక కథ ఉంది. శ్రావస్తిలో ఒక కుటుంబానికి శ్రద్ధ పెరిగేకొద్దీ సంపద తరిగింది. ఇంట్లో ఉన్నదంతా భిక్షువులకు పెట్టి, తాము ఒక్కోసారి పస్తుండేవారు. చుట్టుపక్కలవాళ్ళు భిక్షువులను తప్పుబట్టారు. అప్పుడు బుద్ధుడు, అలాంటి ఇళ్ళను సంఘం గుర్తించి ప్రకటించాలనీ, జబ్బుపడ్డవాళ్ళు తప్ప మిగిలిన భిక్షువులు ముందుగా పిలుపు లేకుండా ఆ ఇంట్లో భిక్ష తీసుకోకూడదనీ నియమం పెట్టాడు. ఆ ఇంటివాళ్ళని ఇవ్వడం మానండని చెప్పలేదు. వాళ్ళ శ్రద్ధని తప్పు పట్టలేదు. తీసుకునేవాళ్ళకి కట్టడి పెట్టాడు.

నా ప్రశ్నకి జవాబు నాకు ఇక్కడ దొరికింది. ఆమె చేత్తో వడ్డించినా సరే, ఆమె తినిందో లేదో చూసుకోకుండా తిన్నది పూర్తిగా ఇచ్చినది కాదు. చూసుకోవాల్సిన బాధ్యత తినేవాడిది. మన ప్రతి ఇంట్లోనూ శక్తికి మించి ఇచ్చే మనిషి ఒకరున్నారు. వాళ్ళని గుర్తించడం, వాళ్ళ దగ్గర తీసుకునేటప్పుడు చేయి ఆపడం రెండో శీలంలో భాగం.

కంచాలు ఒకేసారి

ఇందుకు పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. మా ఇంట్లో ఇప్పుడు కంచాలన్నీ ఒకేసారి పెట్టి, పప్పూ కూరా అన్నిట్లోనూ ముందే వడ్డిస్తాం. ఆ తర్వాతే కూర్చుంటాం. మొదటి నెల నా భార్యకి ఇది ఇబ్బందిగా ఉండేది. తన కంచంలోంచి తీసి నా కంచంలో వేయబోయేది. ఇప్పుడు మానేసింది. ఆకుకూర ఉన్న రోజు నిమ్మచెక్క పిండుకుంటాం. టీ గంట తర్వాత తాగుతాం. గంజి వార్చి పారబోయం.

బస్తీలో ఆడవాళ్ళని ఏడాదికోసారైనా రక్తపరీక్షకి తీసుకెళతాం. గర్భిణులకు 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు ఇచ్చే ఇనుము మాత్రలు ఇంట్లో అటక మీద ఉండిపోకుండా చూస్తాం. మాత్ర వేసుకుంటే కడుపులో వికారం, విరేచనం నల్లగా రావడం మామూలేనని ముందే చెబితే చాలామంది మానకుండా వేసుకుంటారు.

ఆదివారం చదువు కూడా మారింది. పుస్తకం తెరవకముందు ఉడకబెట్టిన శనగలో, నిమ్మకాయ పిండిన సత్తు నీళ్ళో అందరం తీసుకుంటాం. ఖర్చు వంతులవారీగా పెట్టుకుంటాం. ఖుద్దకపాఠంలో చిన్న సామణేరుల కోసం పది ప్రశ్నలున్నాయి. వాటిలో మొట్టమొదటి దానికి జవాబు, ప్రాణులన్నీ ఆహారం మీద నిలుస్తాయన్నదే. కొత్తగా వచ్చినవాళ్ళకి ఇప్పుడు పాఠం అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

ఆ రోజు నేను మందలించిన ఆమెని మళ్ళీ రమ్మని నేనే వెళ్ళి పిలిచాను. అందరి ముందు అన్నమాటకి అందరి ముందే క్షమించమని అడిగాను. ఆమె సిగ్గుపడి, "పోనీ బాబూ, ఆ దినం నిజింగానే తొంగున్నాను కదా" అంది. మళ్ళీ అందరూ నవ్వారు. ఈసారి నేనూ నవ్వాను. ఏడాది తర్వాత ఆమె హిమోగ్లోబిన్ 10.4కి వచ్చింది. ఇంకా 12 కాలేదు. వాళ్ళింట్లో కంచాలు ఒకేసారి పెడుతున్నారా అని నేను ప్రతి వారం ఆమె భర్తనే అడుగుతున్నాను.